పోస్ట్‌గ్రెస్ డేటాబేస్: విజయవాడ, గుంటూరు వాడుకరులు తరచుగా అడిగే ప్రశ్నలు

బీసెంట్ రోడ్డు దుకాణాల బిల్లింగు రాసేవారు, గుంటూరు కోల్డ్ స్టోరేజీల లాట్ల లెక్కలు చూసేవారు, వడ్లమూడి, వడ్డేశ్వరం కళాశాలల్లో ప్రాజెక్టులు చేసే విద్యార్థులు మన సమావేశాల్లో కలిసిన ప్రతిసారీ పోస్ట్‌గ్రెస్ గురించి దాదాపు అవే సందేహాలు వస్తున్నాయి. వాటిని అడిగినవారి మాటల్లోనే ఇక్కడ పెట్టి, ఒక్కొక్క జవాబు విడిగా చదివినా అర్థమయ్యేలా రాశాము. కాబట్టి మీకు కావలసిన ప్రశ్న దగ్గరికి నేరుగా వెళ్ళవచ్చు.

## నిర్ణయించుకునే ముందు

ఇప్పుడు ఉచితం అంటున్నారు సరే, రేపు లైసెన్సు డబ్బులు కట్టమంటే మా గతి ఏమిటి?

అలా అడిగే హక్కు ఉన్న యజమాని పోస్ట్‌గ్రెస్‌కు లేడు. దాని లైసెన్సు చాలా చిన్నది. వాడుకోవచ్చు, మార్చుకోవచ్చు, మీ సాఫ్ట్‌వేర్‌లో కలిపి అమ్ముకోవచ్చు, కాపీరైటు ప్రకటనను తొలగించకుండా ఉంటే చాలు. మోంగోడీబీ డేటాబేస్ 2018లోను, రెడిస్ డేటాబేస్ 2024 మార్చిలోను లైసెన్సులు మార్చగలిగాయంటే అందుకు కారణం, ఆ నిర్ణయం తీసుకునే అధికారం ఒక్కొక్క కంపెనీ చేతిలో ఉండడమే. పోస్ట్‌గ్రెస్ కోడు దశాబ్దాలుగా అనేక దేశాలవారు, అనేక కంపెనీల ఉద్యోగులు రాసినది, వారి హక్కులన్నీ ఏ ఒక్క సంస్థకూ రాసి ఇవ్వలేదు. పైగా ఇప్పటికే విడుదలైన వెర్షన్ మీద ఇచ్చిన అనుమతిని వెనక్కు తీసుకోవడం కుదరదు. మీరు ఎవరికైనా డబ్బు చెల్లిస్తున్నారంటే అది సర్వర్ అద్దెకో, నిర్వహణ సేవకో మాత్రమే.

డేటాబేస్ కంపెనీలను పెద్ద కంపెనీలు కొనేస్తున్నాయట. పోస్ట్‌గ్రెస్ కూడా అమ్ముడుపోయిందా?

లేదు. 2025 మేలో డేటాబ్రిక్స్ సంస్థ నియాన్‌ను, జూన్‌లో స్నోఫ్లేక్ సంస్థ క్రంచీ డేటాను కొంటున్నట్టు ప్రకటించాయి. ఆ రెండూ పోస్ట్‌గ్రెస్ ఆధారంగా సేవలు అమ్మే కంపెనీలు. పోస్ట్‌గ్రెస్ ప్రాజెక్టు వాటి సొత్తు కాదు. మైఎస్‌క్యూఎల్ అనే మరో డేటాబేస్ కథ వేరు. దాని వెనుక ఒక కంపెనీ ఉండేది కనుక 2008లో సన్ మైక్రోసిస్టమ్స్ కంపెనీ దానిని కొన్నది, 2010లో సన్‌తో పాటు అది ఒరాకిల్ చేతికి వెళ్ళింది.

పోస్ట్‌గ్రెస్ 1986లో అమెరికాలోని బర్కిలీ విశ్వవిద్యాలయంలో మైకేల్ స్టోన్‌బ్రేకర్ నాయకత్వంలో పరిశోధనగా మొదలైంది. 1994లో ఆండ్రూ యూ, జాలీ చెన్ అనే ఇద్దరు విద్యార్థులు దానికి ఎస్‌క్యూఎల్ అనే ప్రశ్నల భాషను జోడించారు. 1996లో పోస్ట్‌గ్రెస్‌క్యూఎల్ అనే ప్రస్తుత పేరు వచ్చినప్పటి నుంచి దానిని స్వచ్ఛంద బృందమే నడుపుతోంది. ఆ బృందానికి దారి చూపే కోర్ టీమ్‌లో సగానికి మించి ఒకే కంపెనీ ఉద్యోగులు ఉండకూడదనే కట్టుబాటు ఉంది. 2020లో పోస్ట్‌గ్రెస్ సేవలు అమ్మే ఈడీబీ సంస్థ, అదే పని చేసే సెకండ్ క్వాడ్రంట్‌ను కొన్నప్పుడు ఐదుగురిలో ముగ్గురు ఒకే గొడుగు కిందికి వచ్చారు. వెంటనే బయటి కంపెనీలలో పనిచేసే ఇద్దరిని చేర్చుకుని ఆ సమతూకాన్ని సరిచేశారు. రాతలో లేని నియమాన్ని అంత నిక్కచ్చిగా పాటించడం చూసిన తర్వాతే, చిన్న వ్యాపారులు కూడా దీనిని నమ్మవచ్చని మేము గట్టిగా చెప్పగలుగుతున్నాము.

మైఎస్‌క్యూఎల్ మీద బాగానే నడుస్తోంది. అందరూ మారుతున్నారని మేమూ మారాలా?

అవసరం లేదు. బాగా నడుస్తున్న బిల్లింగును కదిలించడానికి ఇతరులు మారడం కారణం కాకూడదు. మ్యాపుల మీద దూరాలు లెక్కకట్టే పోస్ట్‌జీఐఎస్ కావలసి వచ్చినా, టేబుళ్ళ నిర్మాణాన్ని మార్చే ఆజ్ఞలను కూడా లావాదేవీలో భాగంగా రద్దు చేసుకోగల సౌకర్యం కావలసి వచ్చినా మారడంలో అర్థం ఉంది. కొత్తగా మొదలుపెడుతున్నవారు మాత్రం నేరుగా పోస్ట్‌గ్రెస్‌తోనే మొదలుపెట్టడం మేలు.

కోర్సు చేసి సర్టిఫికెట్ తెచ్చుకుంటే ఉద్యోగం వస్తుందా?

పోస్ట్‌గ్రెస్ ప్రాజెక్టు తన పేరుతో ఏ సర్టిఫికెట్టూ ఇవ్వదు. మార్కెట్లో ఉన్నవన్నీ ప్రైవేటు సంస్థలు ఇచ్చేవే. వాటిలో కొన్నింటికి ఇంటర్వ్యూలలో కొంత విలువ ఉండవచ్చు. అయితే పాడైన సర్వర్‌ను బ్యాకప్ నుంచి తిరిగి నిలబెట్టడం, నెమ్మదిగా నడుస్తున్న క్వెరీ ప్రణాళికను ఎక్స్‌ప్లెయిన్ ఆజ్ఞతో చదివి కారణం చెప్పడం చేతనైనవారిని అడిగేవారు ఎక్కువ. ప్రాజెక్టు స్వయంగా ప్రచురించే మాన్యువల్ ఉచితమే కాక, చాలా కోర్సు పుస్తకాల కంటే స్పష్టంగా ఉంటుంది. ఫీజు కట్టే ముందు దానిలోని మొదటి భాగమైన ట్యుటోరియల్‌ను స్వయంగా చేసి చూడండి.

## రోజువారీ వాడకంలో

కరెంటు పోతే అప్పటిదాకా కొట్టిన బిల్లులు పోతాయా?

కమిట్ అయిన, అంటే శాశ్వతంగా నమోదైన బిల్లు పోదు. కొట్లో గుమాస్తా ముందు చిట్టాలో రాసుకుని తర్వాత ఆవర్జాకు ఎక్కించినట్టే, పోస్ట్‌గ్రెస్ ప్రతి మార్పునూ మొదట వాల్ అనే ఫైళ్ళలో రాస్తుంది. అది డిస్కుకు చేరిందని నిర్ధారించుకున్న తర్వాతే లావాదేవీ పూర్తయిందని మీ ప్రోగ్రాముకు చెబుతుంది. కరెంటు తిరిగి వచ్చి సర్వర్ లేచినప్పుడు ఆ ఫైళ్ళను మళ్ళీ చదివి, టేబుళ్ళకు ఇంకా చేరని మార్పులను చేరుస్తుంది. సగంలో ఆగిన బిల్లు రద్దవుతుంది.

అయితే ఈ హామీ రెండు విషయాల మీద ఆధారపడి ఉంది. మొదటిది, రాసినది డిస్కుకు చేరేలా చూసే ఎఫ్‌సింక్ అమరికను వేగం కోసం ఆపివేయకూడదు. ఆపితే ఒకటి రెండు బిల్లులు పోవడంతో ఆగదు, డేటాబేస్ మొత్తం పాడుకావచ్చు. వేగం తప్పనిసరి అయితే సింక్రనస్ కమిట్ అనే మరో అమరికను ఆపవచ్చు. అప్పుడు చివరి క్షణాలలో కమిట్ అయినవి పోయే అవకాశం ఉన్నా మిగిలిన డేటా చెడదు. రెండవది, డిస్కు నిజం చెప్పాలి. డేటాను తన లోపలి క్యాష్‌లోనే ఉంచుకుని రాశానని చెప్పే డిస్కుల ముందు ఏ డేటాబేసూ నిలవదు. ఎఫ్‌సింక్ ఒకసారి విఫలమైతే, రెండోసారి అడిగినప్పుడు అంతా బాగుందని లినక్స్ చెప్పే ప్రమాదం ఉందని 2018లో పోస్ట్‌గ్రెస్ అభివృద్ధికారులు గుర్తించారు. 2019 ఫిబ్రవరి విడుదలల నుంచి అలాంటి వైఫల్యం ఎదురైతే సర్వర్ తనంతట తాను ఆగి, వాల్ నుంచి కోలుకుంటుంది. ఈ కారణంగా ఆ సవరణ లేని పాత వెర్షన్లను నడపడం మరింత ప్రమాదకరం.

రోజూ బ్యాకప్ తీసి అదే ఆఫీసులో ఇంకో కంప్యూటర్లో పెడుతున్నాం. సరిపోతుంది కదా?

సరిపోదు. 2024 సెప్టెంబరు మొదట్లో బుడమేరు పొంగి అజిత్‌సింగ్ నగర్, ఆ చుట్టుపక్కల కాలనీలు రోజుల తరబడి నీళ్ళలో ఉండడం విజయవాడలో అందరూ చూశారు. అలాంటి వరదలో ఒకే గదిలో ఉన్న సర్వరూ బ్యాకప్ కంప్యూటరూ కలిసే మునుగుతాయి. కనీసం ఒక ప్రతి వేరే ఊరిలో గాని క్లౌడ్‌లో గాని ఉండాలి. దానిని ఎన్‌క్రిప్ట్ చేసి పంపాలి.

తీసిన బ్యాకప్‌ను తిరిగి ఎక్కించి చూడకపోతే అది బ్యాకప్ అని చెప్పలేము. 2017 జనవరి 31న, కోడు భద్రపరిచే సేవ నడిపే గిట్‌ల్యాబ్ సంస్థలో ఒక ఇంజినీరు పొరపాటున అసలు పోస్ట్‌గ్రెస్ డేటా డైరెక్టరీని తొలగించారు. వెతికితే, బ్యాకప్ తీసే పీజీ డంప్ వెర్షనూ సర్వర్ వెర్షనూ పొసగక అంతకు ముందు నుంచే డంపులు విఫలమవుతున్నాయని, ఆ సంగతి తెలిపే ఈమెయిళ్ళు కూడా చేరలేదని తేలింది. చివరకు దాదాపు ఆరు గంటల డేటా పోయింది. ఆ సంస్థ ఈ వివరాలన్నీ దాచకుండా ప్రచురించడం వల్లనే మనకు ఇంత స్పష్టంగా తెలుసు.

చిన్న డేటాబేసుకు రోజూ పీజీ డంప్, నెలకొకసారి వేరే యంత్రంలో పీజీ రిస్టోర్ చేసి నిన్నటి బిల్లుల మొత్తాన్ని సరిపోల్చడం చాలు. డేటా వందల గిగాబైట్లు దాటినవారికి 17వ వెర్షన్‌లో వచ్చిన ఇంక్రిమెంటల్ బ్యాకప్ ఉపయోగపడుతుంది. మొదట ఒక పూర్తి ప్రతి, తర్వాత మారిన భాగాలు మాత్రమే తీసుకుని, అవసరమైనప్పుడు పీజీ కంబైన్ బ్యాకప్‌తో వాటిని కలుపుకోవచ్చు.

లక్షల వరుసలు డిలీట్ చేశాం. డిస్క్ మాత్రం ఖాళీ కాలేదు. ఎందుకు?

ఒకరు మారుస్తుండగా మరొకరు చదువుకునే వీలు ఉండాలి కనుక పోస్ట్‌గ్రెస్ పాత వరుసను వెంటనే చెరపదు, అది చెల్లనిదిగా మాత్రమే లెక్కలోకి వస్తుంది. అప్‌డేట్ కూడా లోపల ఒక కొత్త వరుసే. మిర్చి సీజనులో ఒకే లాటు వరుసను రోజుకు చాలాసార్లు అప్‌డేట్ చేసే కోల్డ్ స్టోరేజీ టేబుళ్ళు వేగంగా పెరగడానికి ఇదే కారణం. తర్వాత ఆటోవాక్యూమ్ అనే నేపథ్య ప్రాసెస్ వచ్చి ఆ చోటును మళ్ళీ వాడుకోదగినదిగా గుర్తిస్తుంది, కాని సాధారణంగా దానిని ఆపరేటింగ్ సిస్టమ్‌కు తిరిగి ఇవ్వదు. టేబుల్ పరిమాణం ఒక స్థాయిలో నిలిచిపోతే కంగారు పడనక్కరలేదు.

పరిమాణం ఆగకుండా పెరుగుతోందంటే, ఎవరో లావాదేవీ మొదలుపెట్టి కమిట్ చేయకుండా వదిలేసి ఉండవచ్చు. అది ముగిసేదాకా తర్వాతి చెల్లని వరుసలను తీయడం వీలు కాదు. ప్రస్తుత కనెక్షన్లను చూపే పీజీ స్టాట్ యాక్టివిటీలో ఐడిల్ ఇన్ ట్రాన్సాక్షన్ అని గంటల తరబడి కనిపించే కనెక్షన్లను వెతకండి. వాక్యూమ్ ఫుల్ ఆజ్ఞ డిస్కును నిజంగా ఖాళీ చేస్తుంది గాని, అది నడిచినంతసేపు టేబుల్‌ను చదవడం కూడా కుదరదు, పైగా కొత్త ప్రతి పట్టేంత అదనపు చోటు ముందే ఉండాలి. మిర్చి యార్డు పనివేళల్లో దానిని నడపకండి. ఆటోవాక్యూమ్‌ను ఆపివేయడం అంతకంటే పెద్ద తప్పు. లావాదేవీల సంఖ్య 32 బిట్లదే కనుక పాత వరుసలను ఎప్పటికప్పుడు ఫ్రీజ్ చేసే (ఆ సంఖ్య మళ్ళీ మొదటికి వచ్చినా చెల్లేలా గుర్తు పెట్టే) ఆ పని ఎక్కువకాలం జరగకపోతే సర్వర్ కొత్త రాతలను నిరాకరించే స్థితి వస్తుంది.

టూ మెనీ క్లయింట్స్ అని వచ్చి సైటు ఆగిపోతోంది. మ్యాక్స్ కనెక్షన్స్ వెయ్యి చేస్తే పోతుందా?

తాత్కాలికంగా పోయినట్టు కనిపిస్తుంది. ప్రతి కనెక్షనుకు పోస్ట్‌గ్రెస్ ఒక ప్రత్యేక ప్రాసెస్‌ను నడుపుతుంది, సహజ పరిమితి 100. దానిని వెయ్యికి పెంచితే చిన్న సర్వర్లో మెమరీ చాలక అసలుకే మోసం వస్తుంది. పీజీ బౌన్సర్ వంటి పూలర్‌ను మధ్యలో పెట్టి, వందల వినియోగదారులకు పదులలో కనెక్షన్లను పంచడం సరైన పద్ధతి.

రూపాయల లెక్కకు ఏ రకం వాడాలి?

న్యూమరిక్ వాడండి. ఫ్లోట్ రకంలో పైసలు ఖచ్చితంగా నిలవవు, వేల క్వింటాళ్ళ బిల్లులు కూడినప్పుడు తేడా బయటపడుతుంది.

## తెలుగు డేటాతో

పేరు కాలమ్‌కు వర్‌క్యార్ 20 (ఇరవై అక్షరాల పరిమితి) ఇచ్చాం. చిన్న తెలుగు పేరుకు కూడా నిండిపోతోంది. ఎందుకు?

మనం అక్షరం అనుకునేదీ, యూనికోడ్ లెక్కించేదీ ఒకటి కావు. శ్రీ అనేది మన కంటికి ఒక అక్షరం. పోస్ట్‌గ్రెస్‌కు అది శ, పొల్లు, ర, దీర్ఘం కలిసి నాలుగు సంకేతాలు; డిస్కు మీద 12 బైట్లు. గుంటూరు అనే పేరు ఏడు. ఇంగ్లీషు పేర్లకు వేసిన కొలతలను తెలుగుకు వాడకండి. టెక్స్ట్ రకం పెట్టి, గట్టి పరిమితి కావాలనుకుంటే చెక్ నిబంధన రాయడం మంచిది. టెక్స్ట్ వాడినందుకు వేగం తగ్గదు.

కంటికి ఒకేలా ఉన్న రెండు పేర్లు సమానం కాదంటోంది. ఇదేం చిత్రం?

రెండు కారణాలు తరచుగా కనిపిస్తాయి. ఐత్వాన్ని ఒకే సంకేతంగాను, ఎత్వం కింద ఐత్వపు తోకను చేర్చి రెండు సంకేతాలుగాను రాయవచ్చు. చూడడానికి తేడా ఉండదు. 13వ వెర్షన్ నుంచి ఉన్న నార్మలైజ్ ఫంక్షన్‌తో డేటాను లోపలికి తీసుకునేటప్పుడే ఒకే రూపానికి మార్చండి. రెండవ కారణం, పొల్లు తర్వాత కీబోర్డు చేర్చే కనిపించని విడదీత సంకేతం. దానిని నార్మలైజ్ తొలగించదు. వెతకడానికి ఒక ప్రత్యేక కాలమ్ పెట్టి, అందులో మాత్రం ఆ సంకేతాన్ని రీప్లేస్‌తో తీసివేయండి; ముద్రించే పేరును ముట్టుకోకండి.

ఆర్డర్ బై పెడితే తెలుగు పేర్లు నిఘంటువు క్రమంలో రావడం లేదు. సరిచేయవచ్చా?

చేయవచ్చు. కొలేషన్ అంటే అక్షరాల క్రమ నియమం. సీ కొలేషన్‌లో యూనికోడ్ సంఖ్యల వరుసే క్రమం. అందులో వకారం కంటే ముందే ళకారం ఉంటుంది, క్షకారం కకారంలో కలిసిపోతుంది. మన వర్ణమాలలో ళ, క్ష, ఱ మూడూ హకారం తర్వాత వస్తాయి. 16వ వెర్షన్ నుంచి ఐసీయూ అనే యూనికోడ్ లైబ్రరీ ఇచ్చే కొలేషన్‌కు సొంత నియమాలు చేర్చుకునే వీలు వచ్చింది. క్రియేట్ కొలేషన్ ఆజ్ఞలోని రూల్స్ అనే చోట &హ < ళ < క్ష < ఱ అని ఒక్క వరుస రాస్తే, బడిలో నేర్చుకున్న క్రమానికి దగ్గరగా పేర్లు వస్తాయి. ఓటర్ల జాబితా, విద్యార్థుల హాజరు పట్టీ వంటివి తయారుచేసేవారికి ఇది చాలా విలువైన సౌకర్యం.

విజయవాడ అని వెతికితే విజయవాడలో అని ఉన్న వార్తలు దొరకడం లేదు. తెలుగు వెతుకులాట ఉందా?

పోస్ట్‌గ్రెస్ పూర్తి పాఠ వెతుకులాటకు స్నోబాల్ అనే ప్రాజెక్టు నుంచి వచ్చిన పదమూల నియమాలు ఆధారం. వాటిలో తమిళం, హిందీ, నేపాలీ ఉన్నాయి, తెలుగు లేదు. సింపుల్ అనే అమరికతో పదాన్ని యథాతథంగా నమోదు చేయవచ్చు గాని, విభక్తి చేరిన రూపాలన్నీ దానికి వేర్వేరు పదాలే. ప్రస్తుతానికి పద ప్రారంభంతో వెతికే పద్ధతి చాలావరకు పనిచేస్తుంది, ఎందుకంటే తెలుగులో ప్రత్యయాలు పదం చివర చేరతాయి. అయితే ఇల్లు, ఇంట్లో వంటివి దానికి చిక్కవు.

తెలుగు పదమూల నియమాలు ఎవరైనా రాస్తే ముందుగా స్నోబాల్‌కు పంపాలి. అక్కడ చేరినవాటిని పోస్ట్‌గ్రెస్ తీసుకుంటుంది. వ్యాకరణం తెలిసిన తెలుగు అధ్యాపకులూ, ప్రోగ్రామింగ్ తెలిసిన విద్యార్థులూ కలిసి చేయవలసిన పని ఇది. నాగార్జున విశ్వవిద్యాలయం, ఇన్ని ఇంజినీరింగ్ కళాశాలలు పక్కపక్కనే ఉన్న ఈ ప్రాంతం కంటే దానికి తగిన చోటు మరొకటి లేదని మా నమ్మకం.

## వెర్షన్లు మార్చేటప్పుడు

మా దగ్గర 13 ఉంది. బాగానే పనిచేస్తుంటే ఎందుకు మార్చాలి?

13వ వెర్షన్‌కు 2025 నవంబరులో చివరి సవరణ విడుదలైంది. ఇకపై దానిలో భద్రతా లోపం బయటపడినా ప్రాజెక్టు సరిచేయదు. ఏడాదికొక పెద్ద వెర్షన్ వస్తుంది, ఒక్కొక్కదానికి ఐదేళ్ళ మద్దతు ఉంటుంది. 14కు 2026 నవంబరు గడువు. 2025 సెప్టెంబరు 25న వచ్చిన 18కి 2030 నవంబరు దాకా సమయం ఉంది కనుక, మారడానికి ఎలాగూ శ్రమ పడుతున్నప్పుడు దానికే వెళ్ళడం మంచిది.

చిన్న అప్‌డేట్లు వచ్చిన రోజే వేసుకోవాలా?

అవి ఫిబ్రవరి, మే, ఆగస్టు, నవంబరు నెలల రెండో గురువారం వస్తాయి. డేటా ఫైళ్ళ రూపం మారదు, సర్వర్‌ను ఒకసారి ఆపి మళ్ళీ మొదలుపెడితే సాధారణంగా సరిపోతుంది. తప్పనిసరిగా వేసుకోవాలి, కాని ముందు పరీక్ష యంత్రంలో వేసి కొద్దిరోజులు చూడడం వివేకం. 2024 నవంబరు 14న వచ్చిన 17.1 కొన్ని ఎక్స్‌టెన్షన్లతో (అదనపు మాడ్యూళ్ళతో) పొసగక, వారంలోనే 17.2 విడుదల చేయవలసి వచ్చింది. పోస్ట్‌జీఐఎస్, టైమ్‌స్కేల్ వంటివి వాడుతున్నవారు ఆ కొద్దిరోజులు ఆగడం మంచిది. తీవ్రమైన భద్రతా లోపం ప్రకటించినప్పుడు మాత్రం ఆగవద్దు.

18లో మాకు పనికొచ్చేది ఏముంది?

అసింక్రనస్ ఐవో ప్రధానమైనది. డిస్కు నుంచి ఒక్కొక్క పేజీ కోసం ఎదురుచూడకుండా అనేక పేజీలను ఒకేసారి అడగడం వల్ల, పెద్ద టేబుళ్ళను మొత్తం చదివే పనులు కొన్ని పరీక్షలలో మూడు రెట్ల దాకా వేగమయ్యాయి. సంవత్సరాంతపు నివేదికలు తీసేవారికి ఇది తెలుస్తుంది. రెండోది వెర్షన్ మార్చే సాధనమైన పీజీ అప్‌గ్రేడ్‌కు సంబంధించినది. ఇంతకుముందు వెర్షన్ మార్చగానే, క్వెరీ నడిచే దారిని ఎంచుకునే ప్లానర్ గణాంకాలు పోయి, ఎనలైజ్ పూర్తయ్యేదాకా క్వెరీలు నత్తనడక నడిచేవి. ఇప్పుడు ఎక్స్‌టెండెడ్ గణాంకాలు తప్ప మిగిలినవి వెంట వస్తాయి. కాలక్రమంలో అమరే 7వ రకం యూయూఐడీలు (ఒకదానితో ఒకటి కలవని గుర్తింపు సంఖ్యలు) కూడా వచ్చాయి.

ఒక జాగ్రత్త. 18లో డేటా పాడైతే పట్టించే చెక్‌సమ్‌లు సహజంగానే అమలులో ఉంటాయి. పాత సర్వర్లో అవి లేకపోతే పీజీ అప్‌గ్రేడ్ ఒప్పుకోదు. పాతదానిని ఆపి పీజీ చెక్‌సమ్స్‌తో వాటిని చేర్చడం మంచి మార్గం. సమయం లేకపోతే కొత్త క్లస్టర్‌ను (డేటా డైరెక్టరీని) చెక్‌సమ్‌లు లేకుండా సృష్టించాలి. ఎండీ5 అనే పాత పద్ధతి పాస్‌వర్డులు కూడా తొలగింపు దారిలో ఉన్నాయి, ఇప్పుడే స్క్రామ్ అనే పద్ధతికి మారండి.

సర్వర్ ఓఎస్ మాత్రమే మార్చాం. ఉన్న కస్టమర్లు లేరని చూపిస్తోంది. డేటా పోయిందా?

డేటా సాధారణంగా భద్రంగానే ఉంటుంది, ఇండెక్సులు తప్పుగా మారి ఉంటాయి. 2018లో వచ్చిన లినక్స్ మూల లైబ్రరీ జీలిబ్‌సీ 2.28 అక్షర క్రమ నియమాలను మార్చింది. సెంటోస్ 7 నుంచి రాకీ లేదా ఆల్మా లినక్స్‌కు, ఉబుంటు 18.04 నుంచి 20.04కు పాత డేటా డైరెక్టరీతోనే మారినవారికి టెక్స్ట్ కాలమ్ ఇండెక్సులు పాత క్రమంలో ఉండి, వెతుకులాట కొత్త క్రమంలో జరుగుతుంది. అందువల్ల ఉన్న వరుస దొరకదు, యునీక్ కాలమ్‌లో నకళ్ళు కూడా చేరగలవు. రాతలను ఆపి, ఇండెక్సులను పరీక్షించే ఆమ్‌చెక్‌తో పరిశీలించి, టెక్స్ట్ ఇండెక్సులను రీఇండెక్స్ చేయండి.

## సముదాయంలోకి రావాలనుకుంటే

గిట్‌హబ్‌లో పుల్ రిక్వెస్ట్ పెట్టాను. ఎవరూ చూడలేదు. కొత్తవాళ్ళంటే చులకనా?

కాదు. గిట్‌హబ్‌లో ఉన్నది ప్రతిబింబం మాత్రమే, అక్కడ మార్పులు స్వీకరించరు. ప్యాచ్‌ను (మీ మార్పుల ఫైలును) హ్యాకర్స్ అనే అభివృద్ధికారుల మెయిలింగ్ జాబితాకు పంపి, ప్యాచ్‌ల సమీక్ష జరిగే కమిట్‌ఫెస్ట్‌లో నమోదు చేయాలి. జూలై, సెప్టెంబరు, నవంబరు, జనవరి, మార్చి నెలల్లో కమిట్‌ఫెస్టులు జరుగుతాయి. ప్యాచ్ పంపినవారు అంతే కష్టమైన మరొకరి ప్యాచ్‌ను సమీక్షించాలని ఆశిస్తారు. కొత్తవారు సమీక్షతోనే మొదలుపెట్టడం మంచిదని మా అభిప్రాయం. ప్యాచ్‌ను కోడుతో కలిపి బిల్డ్ చేసి, పరీక్షలు నడిపి, మాన్యువల్ భాగం అర్థమైందో లేదో రాసి పంపినా అది విలువైన సాయమే. మన దేశం నుంచి అమిత్ కపిలా వంటివారు మార్పులను నేరుగా కోడులో చేర్చే హక్కున్న కమిటర్ స్థాయికి చేరి, మార్పులను వేరే సర్వర్‌కు పంపే లాజికల్ రెప్లికేషన్ వంటి ప్రధాన విభాగాలలో పనిచేస్తున్నారు.

ఎక్స్‌జెడ్ అనే ఫైళ్ళ కుదింపు సాఫ్ట్‌వేర్‌లో దొంగదారి కనిపెట్టింది పోస్ట్‌గ్రెస్ ఆయనేనట, నిజమా?

నిజమే. పోస్ట్‌గ్రెస్ కమిటర్ ఆండ్రెస్ ఫ్రాయిండ్ 2024 మార్చిలో పోస్ట్‌గ్రెస్ మార్పుల వేగాన్ని కొలుస్తూ, ఎస్ఎస్‌హెచ్ లాగిన్‌కు అర సెకను అదనంగా పట్టడం గమనించారు. దానిని వదిలేయకుండా తవ్వి, లక్షల లినక్స్ యంత్రాలకు చేరబోతున్న దొంగదారిని మార్చి 29న బయటపెట్టారు.

కోడు రాయడం రాదు, ఇంగ్లీషు అంతంతమాత్రం. మేము చేయగలిగింది ఏమైనా ఉందా?

ఉంది. పోస్ట్‌గ్రెస్ సందేశాలు అనేక భాషలలో వస్తాయి, తెలుగులో రావడం లేదు. పాస్‌వర్డు తప్పు, టేబుల్ లేదు వంటి సందేశాల అనువాదంతో ఎవరైనా మొదలుపెట్టవచ్చు. తప్పు కనిపించినప్పుడు వెర్షన్, ఆపరేటింగ్ సిస్టమ్, తప్పును మళ్ళీ పుట్టించే చిన్న ఉదాహరణ, ఈ మూడూ స్పష్టంగా ఉన్న నివేదిక పంపితే భాష ఎంత సాదాగా ఉన్నా జవాబు వస్తుంది.

మా కాలేజీ ల్యాబులో పాత కంప్యూటర్లు మూలన పడి ఉన్నాయి. వాటితో ఏమైనా ఉపయోగం ఉందా?

బిల్డ్‌ఫార్మ్‌లో చేర్చవచ్చు. ప్రపంచంలో పలుచోట్ల స్వచ్ఛంద సేవకులు నడిపే యంత్రాలు కొత్త కోడును ఎప్పటికప్పుడు బిల్డ్ చేసి, పరీక్షలు నడిపి ఫలితాలను ఒకచోటికి పంపుతాయి. ఒక్కొక్క యంత్రానికి ఒక జంతువు పేరు పెడతారు. ఇతరుల దగ్గర లేని ప్రాసెసరు, అరుదైన ఆపరేటింగ్ సిస్టమ్ ఉన్న యంత్రమైతే మరీ మంచిది. నిలకడైన ఇంటర్నెట్, యూపీఎస్, విఫలమైన పరీక్షల గురించి ఎవరైనా అడిగితే జవాబు చెప్పే ఒక బాధ్యుడు ఉండాలి. చివరి సంవత్సరం విద్యార్థులు వెళ్ళిపోయాక యంత్రం అనాథ కాకుండా, ఆ బాధ్యతను ల్యాబు సిబ్బందిలో ఒకరికి అప్పగించండి.

బెంగళూరులో జరిగే పీజీకాన్ఫ్ ఇండియా అనే పోస్ట్‌గ్రెస్ సదస్సుకు విద్యార్థులు వెళ్ళవచ్చా?

వెళ్ళవచ్చు, తప్పక వెళ్ళాలి. మాన్యువల్‌లో పేర్లుగా మాత్రమే కనిపించే అభివృద్ధికారులను నేరుగా ప్రశ్నలు అడిగే అవకాశం అక్కడ దొరుకుతుంది. విజయవాడ, గుంటూరు రెండింటి మీదుగా వెళ్ళే ప్రశాంతి ఎక్స్‌ప్రెస్ బెంగళూరు చేరుస్తుంది. ప్రసంగ ప్రతిపాదనలను సదస్సుకు నెలల ముందే పిలుస్తారు. మీ కోల్డ్ స్టోరేజీ టేబుల్‌ను ఎలా దారికి తెచ్చారో, తెలుగు పేర్ల క్రమాన్ని ఎలా సరిచేశారో చెప్పే అనుభవం కూడా ప్రతిపాదనకు తగినదే. రాసిన తర్వాత పంపే ముందు మన సమావేశంలో ఒకసారి చెప్పి చూపండి.